పిడుగు నుండియు, కరెంటు పోటు నుండియు ఇంటిని కాపాడుకొనుట

రోహిణికార్తె ఎండలు ముదిరి మృగశిర ప్రవేశించు వేళ మన ప్రాంతమున గోదావరి మీదుగా నల్లని మబ్బులు లేచును. పత్తి గింజ చేతబట్టుకొని వాన కొఱకు ఎదురుచూచు రైతునకు ఆ మబ్బును చూచిన సంతోషమే. కాని ఆ మబ్బుతోడనే పిడుగును వచ్చును. ఉఱుము ఉఱిమినప్పుడు మన పెద్దలు అర్జునుని పేరులు తలచుకొని పిల్లలకు ధైర్యము చెప్పెడివారు. ధైర్యము మంచిదే. అయితే నేడు మన ఇండ్లలో కరెంటు తీగలు, బోరు మోటార్లు, టీవీలు, ఫ్రిజ్జులు వచ్చి చేరినవి. ఇవి లేని కాలమున పిడుగు ఇంటి మీద పడిననే నష్టము. ఇప్పుడు మైలు దూరమున పడినను ఇంటిలోని వస్తువు కాలిపోవచ్చును. కావున ధైర్యముతోపాటు కొంత ఏర్పాటును అవసరము.

ఈ పాఠము వ్రాయుటకు మాకు కలిగిన అనుభవమొకటి కారణము. కొన్ని యేండ్ల క్రిందట వేసవి చివర ఒక సాయంకాలము జ్యోతినగర్ సమీపమున మేము కాపురమున్న ఇంటికి రెండు ఫర్లాంగుల దూరమున ఒక తాటిచెట్టు మీద పిడుగు పడెను. మా ఇంటి మీద ఏమియు పడలేదు. ఐనను ఆ క్షణముననే టీవీ ఆఱిపోయెను. ఫ్రిజ్జు లోపలి బోర్డు కాలెను. బోరు స్టార్టరు నల్లబడెను. మేము స్టెబిలైజరు కొంటిమి. పోటును ఆపునని చెప్పి అమ్మిన ప్లగ్గు పలకయు కొంటిమి. అవి యుండగా ఇట్లేల జరిగెనని గోడలోని బోర్డు విప్పి చూచితిమి. మూడవ రంధ్రమునకు రావలసిన ఆకుపచ్చ తీగ వెనుకకు పోయి గోడలో కొట్టిన ఒక మేకునకు చుట్టబడి యున్నది. ఇంటికి ఎర్తు గుంత అనునది అసలే లేదు! స్టార్టరునకు ఎర్తు వేయుడని పదునైదేండ్లుగా రైతులకు చెప్పుచు తిరిగిన మాకు ఆనాడు కలిగిన సిగ్గు ఇంతంత కాదు. అదే సాయంకాలము ముళ్ళతీగ కంచె ప్రక్కన, వేపచెట్టు క్రింద కట్టివేసిన ఎద్దుల జతను ఒక రైతు పోగొట్టుకొనెను. మాకు పోయినవి వస్తువులే. ఆయనకు పోయినది ఆ యేటి సేద్యము.

పిడుగుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమని మనలో సామెత గలదు. కరెంటు విషయమున మనము చేయుచున్న పొరపాటు సరిగా ఇదే. పిడుగునకు ఒక మందు, తీగలలో వచ్చు పోటునకు వేఱొక మందు, న్యూట్రల్ తెగిపోవుటకు ఇంకొక మందు గలవు. ఒక స్టెబిలైజరు కొని అన్నిటికిని అదియే చాలుననుకొనుట తగదు. ఏ కీడునకు ఏది విఱుగుడో వరుసగా తెలిసికొందము.

పిడుగు అననేమి?

ఎండకు కాగిన తేమగాలి పైకి లేచి ఎత్తైన మబ్బు అగును. ఆ మబ్బులో మంచు రేణువులును, చిన్న వడగండ్లును ఒకదానితో నొకటి రాచుకొనుటచే విద్యుదావేశము పుట్టి, మబ్బు అడుగుభాగమున ఒక జాతి ఆవేశము కూడుకొనును. దాని యెదుట నేల మీద రెండవ జాతి ఆవేశము చేరును. నడుమ గాలి అడ్డముండును. ఆవేశము మితిమీరినప్పుడు ఆ అడ్డు తెగి, చెఱువు గట్టు తెగినట్లు ఒక్కసారిగా ప్రవాహము దుముకును. అదియే పిడుగు. దానిలో ప్రవహించు కరెంటు సామాన్యముగా 30,000 ఆంపియర్ల వఱకు ఉండును. మన ఇంటి ఫ్యాను పట్టునది ఒక ఆంపియరు కూడ కాదు. మెఱుపు త్రోవలోని గాలి సూర్యుని ఉపరితలము కంటె సుమారు ఐదు రెట్లు వేడెక్కి ఒక్కసారిగా వ్యాపించుటచే ఉఱుము పుట్టును. ఇదంతయు క్షణకాలములో ముగియును.

మెఱుపును విద్యుత్తును ఒకటేయని 1752వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములోను, అమెరికాలోను ప్రయోగముల వలన తేలినది. ఆ ప్రయోగమును తలపెట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిను అను అమెరికా పండితుడే ఇంటి మీద ఇనుప కడ్డీ నిలిపి నేలకు కలుపు ఉపాయమును లోకమునకు చెప్పెను. రెండువందల డెబ్బది యేండ్లు గడచినను ఆ ఉపాయము యొక్క మూలసూత్రము మారలేదు.

ఇది ఏదో దూరదేశపు ముచ్చట కాదు. జాతీయ నేర గణాంక సంస్థ వారి లెక్క ప్రకారము 2022లో మన దేశమున పిడుగుపాటు వలన 2,887 మంది మరణించిరి. 2018 ఏప్రిల్ 24వ తేదీన పొరుగున నున్న ఆంధ్రప్రదేశములో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులను అక్కడి విపత్తు నిర్వహణాధికారులు లెక్కించిరి.

పిడుగు ఇంటిలోనికి వచ్చు త్రోవలు

మొదటిది, నేరుగా ఇంటి మీద పడుట. రెండవది, ప్రక్కనున్న చెట్టు మీద పడి అక్కడనుండి ఇంటి మీదికి దుముకుట. కొబ్బరిచెట్టు ఇంటికి ఆనుకొని యుండిన పిడుగును అది తీసికొనునని కొందరందురు. అది సరికాదు. పచ్చి మ్రానుకంటె ఇంటి ఇనుము మంచి త్రోవగా కనబడినచో పిడుగు మ్రానును విడిచి ఇంటిని పట్టును. మూడవది, నేల గుండ వచ్చుట. చెట్టు మొదట దిగిన కరెంటు నేలలో నలుదిక్కుల వ్యాపించును. దూరము పోయినకొలది దాని బలము తగ్గుచుండును. ఆ నేలపై కాళ్ళు ఎడముగా పెట్టి నిలిచిన జీవికి ఒక కాలి వద్ద ఎక్కువ వోల్టేజియు, రెండవ కాలి వద్ద తక్కువ వోల్టేజియు తగిలి, ఆ భేదము శరీరము గుండ పాఱును. పశువు ముందుకాళ్ళకును వెనుకకాళ్ళకును నడుమ ఎడము ఎక్కువ. గుండె ఆ నడుమనే యున్నది. ఎద్దులు తఱచు జతలుగా కూలుటకు ఇదియే కారణము. నాల్గవది, తీగల వెంట వచ్చుట. స్తంభముల మీది కరెంటు తీగ మీదగాని, దాని చెంతగాని పిడుగు పడినచో ఆ తీగలో వేలకొలది వోల్టుల కెరటము పుట్టి ఇండ్లలోనికి పరుగెత్తును. టీవీ కేబులు వెంటను, ఇంటి మీది గిన్నె యాంటెన్నా తీగ వెంటను ఇట్లే వచ్చును. దీనినే మెకానిక్కులు సర్జి అందురు. మనము పోటు అందము. మా ఇంట జరిగినది ఈ నాల్గవ విధమే.

చిమ్నీలు మనలను కాపాడునా?

మేడిపల్లి, కుందనపల్లి, అంతర్గాం వైపు పల్లెలలో తిరుగునప్పుడు ఈ ప్రశ్న మాకు పలుమార్లు ఎదురైనది. రామగుండమున 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడి 2024లో ఆగిపోయినది. ఎన్.టి.పి.సి. వారి కేంద్రమునకు 1978 నవంబరు 14న అప్పటి ప్రధానమంత్రి మొరార్జీ దేశాయిగారు శంకుస్థాపన చేసిరి. 1983 మొదలు 2004 వఱకు అది అంచెలంచెలుగా 2,600 మెగావాట్ల సామర్థ్యమునకు పెఱిగినది. ఇంత ఎత్తైన చిమ్నీలు ప్రక్కనుండగా పిడుగులన్నియు వానినే పట్టును గదా, మనకేమి భయము అని అనేకుల నమ్మిక.

ఇది పొరపాటు. చిమ్నీల మీద పిడుగు కడ్డీలును, అక్కడనుండి నేలకు దిగు పట్టీలును ఉండుమాట నిజమే. కాని ఆ రక్షణ చిమ్నీ చుట్టుపట్ల కొద్ది మేరకే వర్తించును. మైలు దూరమున నున్న ఇంటికి దాని వలన ఏ ఉపకారమును లేదు. పెద్ద టవర్ల మీదుగా పోవు హెచ్చు వోల్టేజి లైన్లలో అన్నిటికంటె పైన సన్నని తీగ యొకటి కనబడును. అది కరెంటు మోయు తీగ కాదు. క్రింది తీగలకు పిడుగు తగులకుండ పట్టిన గొడుగు. అదియు ఆ లైనును మాత్రమే కాపాడును. పైపెచ్చు ఉఱుము వేళ టవరు క్రింద నిలుచుట మిక్కిలి అపాయకరము. బొగ్గు ఓపెన్‌కాస్టు గనులలో పేలుడు పనివారు ఉఱుము వినగానే మందుగుండు పని ఆపి దూరముగా తొలగిపోవుదురు. అంతటి ఏర్పాట్లు గలవారే జాగ్రత్తపడుచుండగా మనము ఏమరియుండరాదు.

మొదటి పని: ఎర్తు

ఏ ఉపాయమునకైనను పునాది ఎర్తు. వాననీటికి పారుకాలువ లేక ఇంటి ముందు గట్టు వేసిన లాభమేమి? పోటును పక్కకు మరల్చు యంత్రము ఎంత మంచిదైనను, మరల్చిన కరెంటు పోవుటకు నేలలోనికి త్రోవ ఉండవలెను. ఎర్తు లేనిచో ఆ యంత్రము గోడకు వ్రేలాడు అలంకారమే.

ఎర్తు గుంతకు ఇంటి గోడకు కొంత ఎడముగా, తేమ నిలుచు చోటు ఎన్నుకొనవలెను. స్నానపు నీరు పారుచోటు మంచిది. సుమారు 8 అడుగుల లోతు త్రవ్వి, 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసము గల, తుప్పు పట్టని పూత వేసిన ఇనుప గొట్టమును, రంధ్రములు చేసినదానిని, నిలువుగా దింపవలెను. దాని చుట్టును బొగ్గును ఉప్పును పొరలుగా వేసి మట్టితో పూడ్చవలెను. గొట్టము పైకొనకు గరాటు అమర్చి వేసవిలో నీరు పోయుచుండవలెను. ఉప్పు కాలక్రమమున గొట్టమును తినివేయును గనుక కొన్ని యేండ్లకొకసారి పరీక్ష అవసరము. ఉప్పునకు బదులు బెంటొనైటు అను బంకమన్ను వాడిన గొట్టము ఎక్కువ కాలము నిలుచును. నల్లరేగడి నేల వానకాలమున మంచి ఎర్తు ఇచ్చును. ఎండకాలమున బీటలువారి గొట్టమును విడిచివేయును. రాతినేలలో ఒక గుంత చాలదు. గొట్టము పొడవంతటి ఎడము తగ్గకుండ రెండు మూడు గుంతలు త్రవ్వి వానిని కలుపవలెను.

ఎర్తు మంచిదా చెడ్డదా అని కంటితో చెప్పలేము. దానిని కొలుచుటకు ఎర్తు టెస్టరు అను యంత్రము గలదు. అది చూపు సంఖ్య 10 ఓములకు మించరాదు. ఎంత తక్కువైన అంత మేలు. మే నెలలో, నేల ఎండియున్నప్పుడు, కొలిచిన సంఖ్యయే నమ్మదగినది.

ఇక ముఖ్యమైన మాట యొకటి. 10 ఓముల ఎర్తులోనికి 30,000 ఆంపియర్ల పిడుగు దిగినచో ఆ ఎర్తు వద్ద 3,00,000 వోల్టులు నిలుచును. రెంటిని హెచ్చవేసి చూచిన ఎవరికైనను తెలియును. మఱి మంచి ఎర్తు వలన లాభమేమని అడుగవచ్చును. గోదావరి వరదలో నావ లేచినప్పుడు అందులోని వారందరును కలిసియే లేతురు. ఎవరికిని కీడు లేదు. ఒక కాలు నావలోను, ఇంకొక కాలు గట్టు మీదను పెట్టినవాడే పడును. ఇంటిలోని ఇనుమంతయు, అనగా కరెంటు ఎర్తు, నీటి గొట్టములు, ట్యాంకు స్టాండు, గిన్నె యాంటెన్నా, పిడుగు కడ్డీ యొక్క ఎర్తు, ఇవన్నియు ఒకదానితో నొకటి కలుపబడి యుండినచో అన్నియు ఒకే నావలో లేచును. నడుమ మెఱుపు దుముకదు. టీవీకి ఒక ఎర్తు, యాంటెన్నాకు వేఱొక ఎర్తు వేసి విడివిడిగా నుంచుట ఒక కాలు గట్టు మీద పెట్టుటయే.

రెండవ పని: పోటు నిరోధకము

అంగడిలో దీనిని ఎస్.పి.డి. యని అడుగవలెను. వోల్టేజి సరిగా నున్నంతవఱకు ఇది ఊరకుండును. పోటు రాగానే కనురెప్పపాటు కంటె వేగముగా తలుపు తెఱచి ఆ పోటును ఎర్తులోనికి పంపి, మరల తలుపు మూసికొనును. చెఱువునకు కలుజు ఎట్టిదో ఇంటికి ఇది అట్టిది. ఫ్యూజుగాని, ఎం.సి.బి.గాని ఈ పని చేయజాలవు. ఏలయన అవి మేలుకొనులోపల పోటు దాటిపోవును. స్టెబిలైజరు నెమ్మదిగా మారు వోల్టేజిని సరిదిద్దుటకే గాని పిడుగు పోటునకు కాదు.

మీటరు తరువాతి ముఖ్యమైన బోర్డులో టైపు 2 అను రకమును బిగింపవలెను. ఇంటి మీద పిడుగు కడ్డీ నిలిపినవారు మాత్రము టైపు 1 గుణమును గూడ కలిగిన రకమునే కొనవలెను. ఏలయన నేరుగా పడిన పిడుగులో కొంత పాలు కరెంటు తీగలలోనికి వచ్చును. ప్లగ్గు వద్ద పెట్టు చిన్న పలకలు టైపు 3 జాతివి. అవి బోర్డులోని దానికి తోడుగా పనికివచ్చునుగాని ఒంటరిగా చాలవు. బోర్డునుండి నిరోధకమునకును, అక్కడనుండి ఎర్తు పట్టీకిని పోవు తీగలు అన్నియు కలిపి అర మీటరునకు మించరాదు. తీగను చుట్టలు చుట్టి దాచిన పోటు అందులో ఇరుకుకొని ఇంటిలోనికి తిరుగును. చాల నిరోధకముల మీద చిన్న కిటికీ యుండును. అది పచ్చగా నున్నంతవఱకు క్షేమము; ఎఱ్ఱబడినచో దాని పని ముగిసినట్లు. వాన తరువాత ఆ కిటికీని చూచుట అలవాటు చేసికొనవలెను. ఈ బిగింపు పని లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే చేయింపుడు.

మూడవ పని: న్యూట్రల్ తెగుటకు విఱుగుడు

పిడుగు లేకయే వస్తువులు కాలు సంగతి యొకటి గలదు. ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చు న్యూట్రల్ తీగ తెగినను, వదులైనను, 230 వోల్టులు రావలసిన ఇంటికి 300, ఒక్కొక్కప్పుడు 400 వోల్టులు వచ్చును. ప్రక్క ఇంటికి నూఱే వచ్చును. దీపములు కొన్ని మితిమీరి వెలుగుచు, కొన్ని మిణుకుమిణుకుమనుచుండినచో అది దీని గుఱుతు. వెంటనే మెయిను ఆపి 1912 సంఖ్యకు ఫోను చేసి చెప్పవలెను. ఈ హెచ్చు వోల్టేజి క్షణకాలము కాదు, నిమిషములు గంటలు నిలుచును. దీనికి పైన చెప్పిన నిరోధకము ఆగజాలక తానే కాలిపోవును. దీనికి తగినది హెచ్చు తగ్గు వోల్టేజిని కనిపెట్టి కరెంటును తెంచివేయు కటాఫ్ యంత్రము.

రైతుల చేతిలో నున్న సంగతి ఇంకొకటి గలదు. 2018 జనవరి 1 మొదలుకొని మన రాష్ట్రమున సేద్యమునకు 24 గంటల కరెంటు ఇచ్చునప్పుడు ఆటో స్టార్టర్లు తీసివేయుడని అధికారులు కోరిరి. కారణమేమనగా, కరెంటు పోయి వచ్చిన క్షణముననే ఊరిలోని మోటార్లన్నియు ఒక్కసారి లేచినచో ట్రాన్స్‌ఫార్మరు మీద పెద్ద బరువు పడి వోల్టేజి ఊగిసలాడును. అందరి వస్తువులకును అది చేటు. ఒకరి సౌకర్యము ఊరికి నష్టమగుట సహకార ధర్మము కాదు.

పిడుగు కడ్డీ ఎవరికి అవసరము?

ఊరి నడుమ ఇండ్ల గుంపులో నున్న చిన్న ఇంటికి పైన చెప్పిన పనులు ముందుగా చేయదగినవి. పొలము నడుమ ఒంటరిగా నున్న ఇల్లు, మిట్ట మీద ఇల్లు, ఎత్తైన డాబా, బడి, సంఘపు గోదాము, ఇట్టివానికి కడ్డీ అవసరము. కడ్డీ పిడుగును పిలుచుకొనివచ్చునను భయము వలదు. ఆ చోట పడవలసిన పిడుగునకు గోడ చీల్చుకొని పోకుండ మంచి బాట చూపుటయే దాని పని.

కడ్డీ కొన నుండి నలుప్రక్కల 45 డిగ్రీల వాలుగా గొడుగు పట్టినట్లు ఊహించుకొనినచో ఆ గొడుగు క్రిందిది స్థూలముగా రక్షణలో నుండునని పాత లెక్క. అనగా 10 అడుగుల కడ్డీ తన చుట్టు 10 అడుగుల మేర కప్పు భాగమును కాచును. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల డాబా నడుమ అట్టి కడ్డీ ఒకటి నిలిపిన చాలునా? నడుమ నుండి మూలకు దూరము 18 అడుగులు. కావున మూలలు నాల్గును బయటనే మిగులును. పిడుగు తఱచు తాకునవి మూలలే! ఇంతకంటె మేలైన పద్ధతి, పిట్టగోడ మీద ఇంటి చుట్టును 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందము గల పూత వేసిన ఇనుప పట్టీని పఱచి, మూలల వద్ద పొట్టి కడ్డీలు నిలిపి, ఎదురెదురు మూలలనుండి రెండు పట్టీలను నేలకు దింపి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఎర్తు గుంత కల్పించుట. రాగి పట్టీ మంచిదే. కాని దొంగల భయము గలదు. పట్టీ చక్కగా నేలకు దిగవలెను. మడతలు పెట్టిన చోట పిడుగు మడతను విడిచి దుముకును. దిగుపట్టీ చెంత అరుగు గాని, పశువుల రాట గాని ఉండరాదు. 10 అడుగుల ఎడముండవలెను.

పై అంతస్తు కొఱకు డాబా మీద విడిచిన స్తంభపు ఊచలు, ట్యాంకు స్టాండు, యాంటెన్నా, సోలారు పలకల చట్రము, ఇవన్నియు ఆ పట్టీకి కలుపవలెను. రేకుల కప్పు పిడుగును ఆకర్షింపదు. కాని దానిని ఎర్తునకు కలుపకయుంచుట తప్పు. వందల అడుగులు కాచునని చెప్పుచు గోళములు తగిలించిన ఖరీదైన కడ్డీలను కొందరు అమ్ముచున్నారు. పిడుగు రక్షణకు మన దేశము స్వీకరించిన ఐ.ఎస్./ఐ.ఇ.సి. 62305 ప్రమాణము అట్టి కడ్డీలకు మామూలు కడ్డీ కంటె ఎక్కువ మేరను ఒప్పుకొనదు. మోసపోవలదు.

పొలములోను, కొట్టములోను

బోరు స్టార్టరు పెట్టెకు ఎర్తు తప్పక యుండవలెను. బోరులోని ఇనుప కేసింగు గొట్టము లోతుగా దిగియుండును గనుక దానిని కూడ ఆ ఎర్తునకు కలుపుట మంచిది. స్టార్టరు పెట్టెలో మూడు ఫేజులకును నిరోధకములు అమర్చవచ్చును. ఉఱుము వేళ స్టార్టరును ముట్టవలదు. తడిసిన పొలము కంటె మోటారు విలువ ఎక్కువ, మోటారు కంటె ప్రాణము విలువ ఎక్కువ. పశువులను ఒంటరి చెట్టు క్రిందను, ముళ్ళతీగ కంచె ప్రక్కను కట్టవలదు. కంచె మీద దూరముగా పడిన పిడుగు కూడ తీగ వెంట పరుగెత్తి వచ్చును. గడ్డివామును ఇంటికి దూరముగా వేయుట మన పెద్దల పద్ధతి. పిడుగు మంటలకును అదియే మందు.

ఉఱుము వినబడినప్పుడు

మెఱుపు కనబడినది మొదలు ఉఱుము వినబడు వఱకు సెకనులు లెక్కింపుడు. 3 సెకనులకు ఒక కిలోమీటరు దూరము. 30 సెకనుల లోపల వినబడినచో పిడుగు 10 కిలోమీటర్ల లోపలనే యున్నది. పని విడిచి పక్కా ఇంటిలోనికి పోవలెను. చివరి ఉఱుము తరువాత 30 నిమిషముల వఱకు బయటికి రావలదు. పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వారి దామిని అను ఫోను యాప్ పిడుగు హెచ్చరికను ముందుగా ఇచ్చును. ఇంటిలో ఒకరి ఫోనులోనైన దానిని ఉంచుకొనుడు.

మబ్బు కమ్ముచుండగానే టీవీ, ఫ్రిజ్జు, మోటారుల ప్లగ్గులను ఊడదీయుడు. యాంటెన్నా తీగను గూడ విప్పుడు. స్విచ్చి ఆపిన మాత్రమున చాలదు. తీగలో వచ్చు కెరటము స్విచ్చి సందును దుముకగలదు. ఈ పనికి ఖర్చు లేదు, ఇంతకంటె నమ్మకమైన రక్షణయు లేదు. కాని ఉఱుములు నెత్తి మీదికి వచ్చిన తరువాత ప్లగ్గు ముట్టవలదు. ఆ వేళ స్నానము చేయుటయు, కుళాయి వద్ద గిన్నెలు తోముటయు, తీగతో నున్న ఫోను పట్టుటయు కూడదు. ఛార్జరు తీసిన సెల్లుఫోను పిడుగును పిలువదు. వరండాయు, నాటుపొలములోని గుడిసెయు ఆశ్రయములు కావు. ట్రాక్టరు మీద కూర్చుండుట అపాయము. తలుపులు మూసిన బస్సు, కారు మేలు. నాట్లు వేయు స్త్రీలు ఒకచోట గుంపుగూడక ఎడమెడముగా ఇంటిదారి పట్టవలెను. పోవ వీలులేనిచో పాదములు రెండును దగ్గరగా చేర్చి గొంతుక కూర్చుండవలెను. నేల మీద పండుకొనరాదు.

దెబ్బ తగిలినవానిని ముట్టిన కరెంటు కొట్టునను భయము వలదు. పిడుగు తగిలిన శరీరములో కరెంటు నిలిచియుండదు. ఊపిరి ఆగినచో వెంటనే ఱొమ్ము నడుమ రెండు అరచేతులుంచి నిమిషమునకు 100 నుండి 120 సారులు, రెండంగుళముల లోతు పోవునట్లు అదుముచుండవలెను. ఇంకొకరు 108కి ఫోను చేయవలెను. కొన్ని ప్రాంతములలో పిడుగు తగిలినవారిని పేడలో పాతిపెట్టు ఆచారము గలదు. ప్రాణము నిలుపదగిన నిమిషములు అందు వృథాయగును.

సంఘము చేయదగినది

ఎర్తు టెస్టరు ఒక్కొక్క రైతు కొనదగిన వస్తువు కాదు. సంఘము ఒకటి కొనినచో ఊరందరి ఎర్తులను మే నెలలో ఒక వారములో కొలువవచ్చును. గొట్టములను, పట్టీలను, నిరోధకములను పదిమంది కలిసి తెప్పించిన ధర తగ్గును, సరకు నమ్మకముగా నుండును. ఇట్టి పనులకే గదా మనము సంఘముగా కూడినది.

ఈ పాఠము చదివిన వారు నేటి సాయంకాలమే ఈ ఐదు ప్రశ్నలు తమ ఇంటిని అడుగవలెను. మన ఇంటికి ఎర్తు గుంత ఎక్కడ ఉన్నది? మూడవ రంధ్రపు తీగ అక్కడి వఱకు పోవుచున్నదా? బోర్డులో పోటు నిరోధకము గలదా? మబ్బు పట్టినప్పుడు ప్లగ్గులు తీయు పని ఇంటిలో ఎవరిది? పశువులను నేడు ఎక్కడ కట్టితిమి? మొదటి ప్రశ్నకు జవాబు తెలియక మేము ఒక సాయంకాలము సిగ్గుపడితిమి. ప్లగ్గు తీయుటకును, పశువును చెట్టు క్రిందనుండి మార్చి కట్టుటకును రూక ఖర్చు లేదు. మిగిలినవి పంట డబ్బు చేతికి వచ్చినకొలది ఒక్కొక్కటిగా చేసికొనవచ్చును. మృగశిర మబ్బు లేచులోపల మొదటి గుంత త్రవ్వుడు.